లెక్కలు రాకనా, ప్రశ్న సరిగ్గా చదవకనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీఏ పూర్తి చేసింది. మార్కులు బాగానే వచ్చాయి. కానీ ఉద్యోగానికి దరఖాస్తు చేసిన ప్రతిచోటా మొదటి వడపోత పరీక్షలోనే ఆగిపోతోంది. పేరా ఇచ్చి ప్రశ్నలు అడిగే విభాగంలోనూ, మాటల్లో లెక్కలు ఇచ్చే అరిథ్‌మెటిక్ రీజనింగ్‌లోనూ మార్కులు రావడం లేదు. చిన్నప్పటి నుంచీ తనకు లెక్కలు అంతంతమాత్రమే. వేగంగా లెక్కలు చేయడం నేర్పే శిక్షణలో చేర్పించాలా? లేక ఇప్పుడు అందరూ చేస్తున్న డేటా అనలిటిక్స్ కోర్సు చేయిస్తే ఈ గొడవే ఉండదా? రెంటిలో ఏది మేలో చెప్పగలరు. – ఒక తండ్రి

జవాబు: ఏది మేలో చెబుతాను. అంతకన్నా ముందు ఒక మాట. మీ అమ్మాయి ఏ ప్రశ్నల దగ్గర తప్పింది? మీ ఉత్తరంలో ఒక్కటీ లేదు. ‘చిన్నప్పటి నుంచీ అంతంతమాత్రమే’ అన్న తీర్పు మాత్రం ఉంది. నాకు ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తాయి. రాసేది తల్లో తండ్రో అయి ఉంటారు. పరీక్ష రాసిన మనిషికి ఏమనిపించిందో అందులో ఎక్కడా ఉండదు. మీరు అడిగింది రెండు కోర్సుల గురించే అయినా, అడగలేకపోయింది వేరే ఉందని నాకు అనిపిస్తోంది. ఇంత చదివించినా పిల్లకు తెలివితేటలు చాలవేమోనని మీ భయం. దానికే ముందు జవాబిస్తాను: ఈ పరీక్షలో తప్పినంత మాత్రాన అలా అనుకోనక్కరలేదు.

షేన్ ఫ్రెడరిక్ అనే పరిశోధకుడు 2005లో ప్రచురించిన వ్యాసంలో మూడు చిన్న లెక్కలున్నాయి. ఒకటి ఇది: బ్యాటు, బంతి కలిపి ఒక డాలరు 10 సెంట్లు. బ్యాటు ధర బంతి కంటే ఒక డాలరు ఎక్కువ. బంతి ధర ఎంత? చాలామంది నోటికి వెంటనే వచ్చేది 10 సెంట్లు. సరైన జవాబు 5 సెంట్లు: అప్పుడే బ్యాటు ఒక డాలరు 5 సెంట్లు, రెండూ కలిపి ఒక డాలరు 10 సెంట్లు. ఈ మూడింటికీ సరిగ్గా చెప్పినవాళ్లు అమెరికాలో పేరున్న సాంకేతిక విద్యాసంస్థ ఎంఐటీ విద్యార్థుల్లోనే సగానికి తక్కువ. వాళ్లకు కూడికలు రావని ఎవరైనా అంటారా? నోటికి వచ్చిన జవాబును ప్రశ్నలోని మాటలతో మరోసారి సరిచూసుకోలేదు, అంతే.

మీ అమ్మాయి రాస్తున్న పరీక్షల్లో లెక్కల స్థాయి పెద్దదేమీ కాదు. శాతాలు, నిష్పత్తులు, సగటులు. కష్టమంతా ‘దేని మీద?’ అన్న చోట ఉంటుంది. 100కు కొన్న వస్తువును 125కు అమ్మితే లాభం కొన్న ధర మీద 25 శాతం, అమ్మిన ధర మీద 20 శాతం. రెండు జవాబులూ ఎంపికల్లో పక్కపక్కనే కూర్చుంటాయి. ధరను 20 శాతం పెంచి, పెరిగిన ధర మీద 20 శాతం తగ్గిస్తే 100 కాస్తా 96 అవుతుంది, మొదటికి రాదు. వడ్డీ రేటు 8 శాతం నుంచి 10 శాతానికి చేరితే పెరిగింది రెండు శాతం పాయింట్లు. పాత రేటుతో పోలిస్తే 25 శాతం. గుణకారం తెలియక ఇక్కడ తప్పేవాళ్లు తక్కువ. ప్రశ్నలోని ఆ ఒక్క మాట దగ్గర ఆగనివాళ్లే ఎక్కువ.

పేరా చదివే విభాగంలోనూ ఇదే జరుగుతుంది, బాగా చదువుకున్నవాళ్లకూ జరుగుతుంది. పేరాలో ‘ఆ సంవత్సరం సంస్థ ప్రకటనల ఖర్చు పెంచింది. అదే సంవత్సరం అమ్మకాలు పెరిగాయి’ అని ఉంటుంది. కింద ‘ప్రకటనల వల్లే అమ్మకాలు పెరిగాయి’ అన్న వాక్యం ఇచ్చి ఒప్పా, తప్పా, చెప్పలేమా అని అడుగుతారు. మార్కెటింగ్ చదివిన అమ్మాయి ‘ఒప్పు’ అని గుర్తు పెడుతుంది, ఎందుకంటే రెండేళ్లు ఆమెకు నేర్పింది అదే. కానీ పేరాలో ఆ మాట లేదు. జవాబు ‘చెప్పలేం’. తెలిసినదాన్ని పక్కన పెట్టి, కాగితం మీద ఉన్నదానికే కట్టుబడటం ఒక అలవాటు. ఎవరూ నేర్పరు గానీ నేర్చుకుంటే వస్తుంది.

కాబట్టి ఏ కోర్సుకైనా డబ్బు కట్టే ముందు ఒక పని చేయనివ్వండి. ఒక మాదిరి ప్రశ్నపత్రం తీసుకుని, గడియారం లేకుండా, తీరిగ్గా రాయమనండి. తప్పిన ప్రతి ప్రశ్న పక్కనా కారణం తనే రాసుకోవాలి: ప్రశ్న తప్పుగా చదివిందా, చదివినా ఏ లెక్క వేయాలో తోచలేదా, లెక్కలో జారిందా? దిద్దేది మీరు కాదు. మీరు ఆ గదిలోనే ఉండకండి.

తీరిగ్గా రాసినప్పుడు మార్కులు బాగా వస్తే సమస్య వేగానిదే. అప్పుడు శిక్షణ కాస్త ఉపయోగపడుతుంది. ఈ పరీక్షలు కొన్నింటిని తయారుచేసిందే అందరూ పూర్తి చేయకుండా ఉండేలా. పేరున్న వాండర్‌లిక్ పరీక్షలో 12 నిమిషాలకు 50 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 15 సెకన్లు కూడా లేవు. అక్కడ ఏది వదిలేయాలో తెలియడం కూడా నైపుణ్యమే. తీరిగ్గా రాసినా తప్పులు అలాగే ఉండి, వాటిలో ఎక్కువ ‘తప్పుగా చదివాను’ అన్నవే అయితే వేగం నేర్పే శిక్షణ హాని చేస్తుంది. 98ని 97తో నాలుగు సెకన్లలో గుణించడం ముచ్చటగానే ఉంటుంది. కానీ పట్టికలు, గ్రాఫులు ఇచ్చే చాలా పరీక్షల్లో క్యాలిక్యులేటర్ వాడనిస్తారు. తప్పుడు అంకెలను మెరుపు వేగంతో గుణిస్తే తప్పుడు జవాబే మెరుపు వేగంతో వస్తుంది.

ఇక డేటా అనలిటిక్స్, అంటే సమాచారాన్ని సాఫ్ట్‌వేర్‌తో విశ్లేషించే పని. నా దగ్గరకు వచ్చేవాళ్లలో కొందరు ఈ కోర్సు చేయాలనుకునేది అంకెలంటే ఇష్టం ఉండి కాదు, అంకెల పరీక్షలకు జడిసి. సాఫ్ట్‌వేర్ లెక్కలు చేసిపెడుతుంది కదా అని వాళ్ల ధీమా. చేసిపెడుతుంది, ఏది అడిగితే అది. ఒక శాఖకు వచ్చిన 10 మందిలో 5 మంది కొన్నారు, అంటే 50 శాతం. మరో శాఖకు వచ్చిన 1,000 మందిలో 100 మంది కొన్నారు, అంటే 10 శాతం. ఈ రెండు శాతాల సగటు అడగండి, సాఫ్ట్‌వేర్ మారుమాట లేకుండా 30 అంటుంది. నిజానికి 1,010 మందిలో కొన్నది 105 మంది, అంటే 10 శాతానికి కాస్త పైన. ఆ 30ని రంగురంగుల గ్రాఫులో పెట్టి యజమాని ముందుకు తీసుకెళ్లే విశ్లేషకుల అవసరం ఎవరికీ లేదు. ‘దేని మీద?’ అని అడగడం రానివాళ్లకు ఆ కోర్సు ఇచ్చేది ఒక సర్టిఫికెట్టే. పైగా ఆ ఉద్యోగాలకూ చాలాచోట్ల ఇలాంటి వడపోత పరీక్షే ఎదురవుతుంది. తప్పించుకుందామనుకున్నది మళ్లీ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. కోర్సు చెడ్డదని అనడం లేదు. పారిపోవడానికి దాన్ని దారిగా వాడుకోవద్దంటున్నాను.

ఇంకో సంగతి, ఇది మీ కోసం. ఈ పరీక్షలకు ఉద్యోగంలో పనితీరుతో ఎంత సంబంధం ఉందో పరిశోధకులే ఇంకా తేల్చుకుంటున్నారు. 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు ఆ సంబంధాన్ని 0.51గా లెక్కగట్టారు (ఏ సంబంధమూ లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1). 2022లో పాల్ సాకెట్ బృందం లెక్కలను తిరగదోడి దాన్ని 0.31కి దించింది. అందరినీ ఒకే పద్ధతిలో, ఒకే ప్రశ్నలతో అడిగే ఇంటర్వ్యూకు వాళ్లు ఇచ్చిన అంకె 0.42, అంటే పరీక్ష కన్నా ఎక్కువే. మరి సంస్థలు ఈ పరీక్ష ఎందుకు పెడతాయంటే వేలమంది దరఖాస్తుదారులను తక్కువ ఖర్చుతో తగ్గించుకోవడానికి. అది వాళ్ల అవసరం. దాన్ని తెచ్చి ఇంట్లో అమ్మాయి తెలివికి కొలబద్దగా పెడుతున్నది మీరే. ‘అంతంతమాత్రమే’ అన్న మాట ఏళ్ల తరబడి విన్న పిల్ల అంకెలున్న ప్రశ్న కనపడగానే కంగారు పడుతుంది, కంగారులో సగం చదివి జవాబు గుర్తు పెడుతుంది. ఆ మాట ఇంట్లో ఇకపై వినిపించకూడదు. సరదాకు కూడా.

రోజుకు ఒక గంట చాలు. వ్యాపార వార్త ఒకటి చదివి, రచయిత ఏమన్నాడో, ఏమనలేదో నాలుగు వాక్యాల్లో రాయడం. అయిదారు లెక్కల ప్రశ్నలు తీసుకుని, జవాబు వెతికే ముందు అడిగిందేమిటో సొంత మాటల్లో చెప్పుకోవడం. గడియారం మూడో వారం నుంచి. నెలన్నర తర్వాత గానీ శిక్షణ కావాలో వద్దో తేల్చవద్దు. డేటా కోర్సు మీద అప్పటికీ మనసుంటే చేరనివ్వండి, అయితే ఆ మనసు మీ అమ్మాయిదై ఉండాలి. ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి. మొదటి కొన్ని పాఠాలు విని, అంకెల వెనక ఉన్నది కూడా నేర్పుతున్నారా, లేక మీటలు నొక్కడమేనా అన్నది ఆమెనే చూసుకోనివ్వండి.