నాన్నకి పొటాషియం ఎక్కువ, భార్యకి రక్తం తక్కువ: తోటకూర ఎవరికి, ఆనపకాయ ఎవరికి?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. నాన్నకి 61 ఏళ్లు, కిడ్నీ జబ్బు ఉంది. క్రియాటినిన్ 3.4, మొన్న పొటాషియం 5.6 వచ్చింది. నా భార్యకి ఐదో నెల, హిమోగ్లోబిన్ 9.2. తోటకూర ఇద్దరికీ బలమని, ఆనపకాయలో నీళ్లు తప్ప ఏమీ లేవని అమ్మ రోజూ తోటకూర పప్పే వండుతోంది. ఇది సరైనదేనా?

జవాబు: మీ భార్యకి సరైనదే, నాన్నగారికి మాత్రం కాదు. పొటాషియం మామూలుగా 5 లోపు ఉండాలి, అందుకే 5.6 అంటే కూర మార్చి ఊరుకునే సంగతి కాదు. రెండు మూడు రోజుల్లోనే కిడ్నీ డాక్టర్‌కి చూపించి మళ్లీ పరీక్ష చేయించండి. కొన్ని బీపీ మాత్రలు కూడా పొటాషియం పెంచుతాయి కాబట్టి వాడుతున్న మందులన్నీ పట్టుకెళ్లండి, మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు. ఈలోపు కాళ్లూ చేతులూ నీరసించినా, గుండె దడగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించాలి, ఎందుకంటే ఎక్కువైన పొటాషియం గుండె లయను దెబ్బతీస్తుంది.

అమ్మగారు చెప్పినదాంట్లో నిజం ఉంది. ఉడికించి నీళ్లు వంపేసిన 100 గ్రాముల తోటకూరలో ఇనుము సుమారు 2.3 మిల్లీగ్రాములు, కాల్షియం 209, విటమిన్ సి 41 ఉంటాయి. అదే ఆనపకాయలో ఇనుము 0.25, కాల్షియం 24, విటమిన్ సి 8.5 మాత్రమే. కానీ పొటాషియం చూడండి, తోటకూరలో 640 దాకా ఉంటే ఆనపకాయలో 170. ఆకు ఉడికితే కుంచించుకుపోతుంది కాబట్టి నీళ్లు వంపేసినా గుప్పెడు కూరలో అంత మిగులుతుంది, ఇక నీళ్లు వంపకుండా చేసే పప్పులో కందిపప్పు పొటాషియం కూడా కలుస్తుంది.

అందుకని నాన్నగారికి ప్రస్తుతం ఆకుకూరలు ఆపి ఆనపకాయ పెట్టండి. తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి పోపు పెట్టండి. కూర ఉడికిన నీళ్లు చారులో పోసే అలవాటు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి మంచిదే గానీ ఆయనకి వద్దు, చింతపండు దిట్టంగా వేసిన పులుసూ వద్దు. ఉద్దానంలో ఇంటింటా దొరికే కొబ్బరి నీళ్లు చలవ అని తాగిస్తారు, అందులోనూ పొటాషియం బాగా ఎక్కువ, కాబట్టి పూర్తిగా మానిపించండి. సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో చాలావాటిలో పొటాషియం ఉప్పు కలుపుతారు, అది అసలు కొనొద్దు.

మీ భార్యకి తోటకూర వండి, దించాక నిమ్మకాయ పిండండి, ఇనుము బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ వద్దు. అయితే 9.2ని కూర ఒక్కటే పెంచలేదు, ఐరన్ మాత్రలు తప్పకుండా వేసుకోవాలి.

ఇంకొకటి, ఆనపకాయ వండేముందు చిన్న ముక్క కొరికి చూడమనండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ మొత్తం పారేయాలి, అది తింటే వాంతులూ రక్తవిరేచనాలూ అవుతాయి.