పాత బండ్లు – పాఠకుల ప్రశ్నలు: కాగితంలో 1952, బండి చూస్తే ఇంకా పాతది

ప్రశ్న: నమస్కారమండీ. ఇక్కడ టెక్సాస్‌లో ఒక రైతు కుటుంబం దగ్గర షెవర్లే 3100 పికప్ కొన్నాను. టైటిల్‌లో (యాజమాన్య పత్రంలో) 1952 అని ఉంది. కానీ డోర్లకు క్వార్టర్ గ్లాసులు (గాలి కోసం ముందు మూలన తెరుచుకునే చిన్న అద్దాలు) లేవు. హ్యాండిల్ కిందికి తిప్పే రకం. పెట్రోల్ మూత క్యాబిన్‌కి కుడి పక్కన, డోరు వెనక ఉంది. క్యాబిన్ వెనక మూలల్లో వంపు అద్దాలున్నాయి, అవి తర్వాత ఎవరో కోసి పెట్టారని మా ఫ్రెండ్ అంటున్నాడు. వచ్చే నెల రంగు వేయిస్తున్నాను. ఇది అసలు ఏ సంవత్సరం బండి?
– ఒక పాఠకుడు, ప్లేనో

జవాబు: ముందు ఆ రంగు పని ఆపించండి. ఎందుకో చివర చెప్తాను.

మీరు రాసిన గుర్తులతోనే సగం పని అయిపోయింది. ఈ మోడల్ 1947 వేసవిలో మొదలై 1955 ఆరంభం దాకా వచ్చింది. దూరం నుంచి అన్నీ ఒకేలా కనిపించినా, కంపెనీ దాదాపు ఏటా ఏదో ఒకటి మార్చింది. 1947, 48 బండ్లకు పెట్రోల్ మూత వెనక తొట్టికి కుడి పక్కన ఉంటుంది. 1949లో ట్యాంకును క్యాబిన్ లోపలికి, సీటు వెనక్కి తెచ్చారు. మూత అప్పుడే మీరు చెప్పిన చోటికి వచ్చింది. క్వార్టర్ గ్లాసులు 1951లో, బటన్ నొక్కే హ్యాండిళ్లు 1952లో వచ్చాయి. అంటే మీ డోర్లు ఆ బండివే అయితే అది 1949 లేదా 1950ది. డోరు పాడైతే ఇంకో బండిది తెచ్చి బిగించడం పొలాల్లో మామూలే కాబట్టి, వాటి మీదే పూర్తిగా ఆధారపడకండి.

ఆ రెండేళ్లకూ తేడా బండి కింద తెలుస్తుంది. 1950లో గొట్టం రకం షాక్ అబ్జార్బర్లు వచ్చాయి, అంతకు ముందు లీవర్ రకం ఉండేవి. పాత లీవర్లు తీసేసి గొట్టాలు బిగించినవాళ్లు చాలామంది ఉన్నారు. తిరిగి లీవర్లు పెట్టే శ్రమ ఎవరూ పడరు. అందుకని మీ బండికి లీవర్లే ఉంటే నేను 1949 వైపు మొగ్గుతాను. గొట్టాలుంటే మాత్రం అది సాక్ష్యంగా చాలదు.

గట్టి ఆధారం ప్లేటు. డ్రైవర్ డోరు తెరిస్తే స్తంభం మీద వెండి అక్షరాలతో చిన్న నల్ల ప్లేటు ఉండాలి. నీలం ప్లేటు 1953 నుంచి వచ్చింది. నంబర్లో ముందుండే అంకె ఫ్యాక్టరీది. 3 అయితే సెయింట్ లూయిస్, 5 అయితే కేన్సస్ సిటీ, 6 అయితే ఓక్లండ్. మా ఊరు కేన్సస్ సిటీ కాబట్టి 5 కనిపిస్తే నాకు ప్రత్యేకమైన సంతోషం. దాని తర్వాత మీ 3100 లాంటి అరటన్ను బండికి 1949లో జీపీ, 1950లో హెచ్‌పీ, 1951లో జేపీ, 1952లో కేపీ అని ఉంటుంది. ఆ పక్క అక్షరం నెల. ‘5 హెచ్‌పీ ఎఫ్’ అంటే కేన్సస్ సిటీ, 1950, జూన్. మీ ప్లేటు మీద కేపీ లేకపోతే టైటిల్‌లోని సంవత్సరం తప్పే.

ఆ తప్పు ఎలా వచ్చి ఉంటుంది? అప్పట్లో చాలా రాష్ట్రాల్లో ఇంజిన్ నంబరునే బండి నంబరుగా కాగితాల్లో రాసేవారు. ఇంజిన్ మారితే లెక్కలన్నీ కలగాపులగం. ఇంజిన్ బ్లాకు మీద, డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొట్టిన నంబరును టైటిల్‌తో పోల్చండి. బ్లాకును పోత పోసిన తేదీ కూడా దాని మీదే ఉంటుంది. ముందు నెల అక్షరం, తర్వాత రోజు, ఆఖరున సంవత్సరం చివరి అంకె. ‘బి 14 0’ అంటే 1950 ఫిబ్రవరి 14. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైనుండే రేకు మూత) కూడా చూడండి. నడిమధ్యన పైనుంచి రెండు నట్లతో బిగించి ఉంటే పాత రకం. మీ బండికి అసలు రావలసిన 216 ఘనపు అంగుళాల ఇంజిన్ అలాగే ఉంటుంది. అంచుల్లో నాలుగు స్క్రూలుంటే అది 1954 నుంచి వచ్చిన 235. ప్లేటును మాత్రం ఊడదీయకండి. ఫొటోలు తీసుకుని టైటిల్ ఆఫీసులో సరిచేయించుకోండి.

మూల అద్దాల గురించి మీ ఫ్రెండ్ తొందరపడ్డారనిపిస్తోంది. డీలక్స్ క్యాబ్ కోరినవాళ్లకు కంపెనీయే అవి ఇచ్చేది. రబ్బరు తీసి అంచును చేత్తో తడమండి. ఫ్యాక్టరీ అంచు చుట్టూ ఒకే తీరుగా ఉంటుంది, వెల్డింగ్ గడ్డలు తగలవు.

ఇక రంగు. గ్లవ్ బాక్స్ తీసి దాని వెనకా, సీటు వెనకా చూడండి. మొదటి రంగు అక్కడ మిగిలే అవకాశం ఎక్కువ. ఆ రోజుల్లో వేరే రంగు అడగకపోతే ఫారెస్టర్ గ్రీన్ వచ్చేది. తొట్టి చెక్కలు కూడా లెక్కపెట్టండి. 1951 మధ్యదాకా తొమ్మిది పలకలు, ఆ తర్వాత ఎనిమిది. ఇసుక కొట్టి రంగు గీకించేస్తే ఈ ఆనవాళ్లలో చాలా వరకు ఒక్క పూటలో పోతాయి. అలా తుడిచేసిన బండిని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ప్రశ్న: మా తాతగారి షెవర్లే పికప్ షెడ్డులో ఉంది. ఆర్‌సీలో 1951. ఎప్పుడో డీజిల్ ఇంజిన్ పెట్టించారు. వింటేజ్ కింద రిజిస్టర్ చేయించవచ్చా అండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వయసు చాలు తల్లీ, చిక్కంతా ఇంజిన్‌తోనే. 2021 నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్లు దాటాలి, సొంత వాడకం కోసం ఉన్నదై ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ. 20,000. పదేళ్లు చెల్లుతుంది, నంబర్లో ‘వీఏ’ అని వస్తుంది. రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోల్‌కు, రిపేరుకు తీసుకెళ్లవచ్చు. షెవర్లే బండ్లు చేసే జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 దాకా బొంబాయిలో బండ్లు బిగించింది, మీదీ అక్కడిదే కావచ్చు. ఆర్‌సీలో తయారైన సంవత్సరం, రిజిస్టర్ అయిన తేదీ విడివిడిగా ఉన్నాయేమో చూడండి. పాత పెట్రోల్ ఇంజిన్ ఆ షెడ్డులోనో, మీ ఊరి మెకానిక్ దగ్గరో ఇంకా పడి ఉందేమో వెతికించండి. అప్పటిదాకా అక్కడి ఇనుప సామానేదీ పాత ఇనుము కింద అమ్మనివ్వకండి.