29 వేల రిపేరా, 3.82 లక్షల కొత్త బండా?

ప్రశ్న: మాది తిరుపతి. రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పని చేస్తున్నాను. చేతికి 52 వేలు వస్తుంది, ఇంటి ఖర్చులు 38 వేలు పోను 14 వేలు మిగులుతుంది. బ్యాంకులో 1.60 లక్షల ఎఫ్‌డీ ఉంది. 1.10 లక్షల గోల్డ్ లోన్ 9 శాతం వడ్డీకి నడుస్తోంది. 2018 డిసెంబరులో కొన్న ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు ఇప్పటికి 61 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ డ్యూటీకి దాని మీదే వెళ్తాను. ఏడాదికి మూడు నాలుగుసార్లు నేనూ మా ఆవిడా హార్స్‌లీ హిల్స్, గండికోట, బెంగళూరు వెళ్ళొస్తాం. ఈమధ్య ఘాట్‌లో ఇద్దరం ఎక్కితే బండి లాగడం లేదు. మెకానిక్ 29 వేలకు చీటీ రాసిచ్చాడు: టైర్లు రెండూ 9,500, చైన్ స్ప్రాకెట్ 4,500, క్లచ్ ప్లేట్లు 4,000, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) 2,500, ఫోర్క్ సీళ్ళు, ఆయిల్ 2,000, బ్యాటరీ 2,500, కూలి 4,000. షోరూమ్‌లో హిమాలయన్ 450 ఆన్‌రోడ్ 3.82 లక్షలు (ఎక్స్‌షోరూమ్ 3.12 లక్షలు, లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ 40 వేలు, ఇన్సూరెన్స్ 24 వేలు, ఫిట్టింగులు 6 వేలు) అన్నారు. పాత బండికి 80 వేలు ఇస్తారట. నేను 52 వేలు కడితే మిగతా 2.50 లక్షలకు 9 శాతం ఫ్లాట్ వడ్డీకి మూడేళ్ళ లోన్. పాత బండిని వేలూరు ఆయన ఒకరు 1.05 లక్షలకు అడుగుతున్నారు. మార్చేయమంటారా?

జవాబు: ఇప్పుడు మార్చకండి. ఆ 29 వేలు పెట్టి బండి బాగు చేయించి ఇంకో రెండేళ్ళు నడపండి. కొత్త బండి కోరిక తప్పని కాదు. మీ గోల్డ్ లోన్ తీరకముందు, అదీ ఫ్లాట్ వడ్డీకి తీసుకోవడం తప్పు.

ముందు ఆ 9 శాతం సంగతి. ఫ్లాట్ అంటే మూడేళ్ళూ మొత్తం 2.50 లక్షల మీదే వడ్డీ వేస్తారు. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ తగ్గదు. ఏడాదికి 22,500 చొప్పున మూడేళ్ళకు 67,500. ఈఎంఐ 8,819. బ్యాంకులు మామూలుగా చెప్పే తగ్గే బాకీ లెక్కలోకి మారిస్తే ఇది 16 శాతం పైచిలుకు. అదే 2.50 లక్షలు 11.5 శాతం తగ్గే వడ్డీకి దొరికితే ఈఎంఐ 8,244, మొత్తం వడ్డీ 47 వేల లోపు. షోరూమ్ టేబుల్ దగ్గర ‘9 శాతమే సార్’ అన్నప్పుడు ‘తగ్గే వడ్డీలో ఎంత?’ అని ఒక్క మాట అడగండి. ఈ ఒక్క లోన్ వడ్డీయే మీ మెకానిక్ చీటీకి రెట్టింపు కన్నా ఎక్కువ. చీటీ మొత్తం మూడున్నర ఈఎంఐలు కూడా కాదు.

ఇక మీ ఇంటి లెక్క. ఈఎంఐ పోతే 14 వేలలో మిగిలేది 5,181. గోల్డ్ లోన్ గడువు వచ్చేసరికి ఆ మిగులుతో అది తీరదు, వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటారు. ఆ నగలు ఎన్నేళ్ళైనా బ్యాంకులోనే ఉంటాయి. ఎఫ్‌డీలోంచి 52 వేలు తీశాక మిగిలేది 1.08 లక్షలు. కొత్త బండికి క్రాష్ గార్డు, లగేజీ ర్యాకు మళ్ళీ కొనాలి, 411వి 450కి పట్టవు. హెల్మెట్, జాకెట్ కూడా మార్చాలనిపిస్తుంది. అలా తడిసి మోపెడై, నాలుగు నెలల ఖర్చుకు సరిపడా ఉన్న డబ్బు రెండు నెలలకు పడిపోతుంది. ప్రైవేటు ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు ఇది మంచిది కాదు.

3.82 లక్షల్లో లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్, ఫిట్టింగులు కలిపి 70 వేలు. అమ్మేటప్పుడు ఆ డబ్బుకు ఎవరూ ధర కట్టరు. మిగతా 3.12 లక్షలకు ఇన్సూరెన్స్ వాళ్ళు వాడే తరుగు పట్టిక చూస్తే, మూడేళ్ళు దాటగానే 40 శాతం పోతుంది. అంటే ఐడీవీ (బండి పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ వాళ్ళు లెక్కగట్టే విలువ) దాదాపు 1.87 లక్షలు. ఐడీవీ మార్కెట్ ధర కాదు గానీ అంచనాకు పనికొస్తుంది.

మీకు ఎవరూ చెప్పి ఉండని విషయం ఇంకోటి ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. 350 సీసీ దాటిన వాటికి అంతకుముందు సెస్సుతో కలిపి 31 శాతం ఉండేది, ఇప్పుడు 40. మీరు చూస్తున్నది 452 సీసీ బండి. థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి తప్పనిసరిగా తీసుకునే ఇన్సూరెన్స్) ప్రీమియం కూడా అలాగే. 2022 జూన్ నుంచి అమలైన రేట్లలో 350 సీసీ దాటిన కొత్త బండికి ఐదేళ్ళకు 15,117, 150 నుంచి 350 సీసీ అయితే 7,365. పైన జీఎస్‌టీ అదనం. మీ ఇద్దరి ప్రయాణాలకు 249 సీసీ సుజుకీ వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ లాంటిది సరిపోతుందేమో ఒకసారి నడిపి చూడండి. లగేజీతో, వెనక మీ ఆవిడను కూర్చోబెట్టుకుని భాకరాపేట ఘాట్ ఎక్కి చూస్తేనే తెలుస్తుంది. షోరూమ్ ముందు రెండు వీధులు తిరిగితే ఏమీ తెలియదు.

450 మంచి బండే, అందులో అనుమానం లేదు. మీ 411 ఇంజను 24.5 హార్స్‌పవర్, దానిది 40. గేర్లు ఐదుకు బదులు ఆరు, లిక్విడ్ కూలింగ్, 17 లీటర్ల ట్యాంకు. మే నెలలో తిరుపతి ట్రాఫిక్‌లో ఆ కూలింగ్ విలువ తెలుస్తుంది. కానీ మీ వాడకం చూడండి. రేణిగుంట దాకా రోజువారీ ప్రయాణంలో ఆ అదనపు శక్తికి పని లేదు. మైలేజీలోనూ పెద్దగా మిగిలేది లేదు. బెంగళూరు వెళ్ళేటప్పుడు పనికొస్తుందా అంటే, హొసకోటె నుంచి కేజీఎఫ్ వైపు తెరిచిన కొత్త ఎక్స్‌ప్రెస్‌వే మీదికి టూవీలర్లను రానివ్వరు. పలమనేరు, ముళబాగల్, కోలారు పాత దారే మీకు గతి. ఆ దారిలో 90 మీద నిలకడగా వెళ్ళడం 411కి చేతనవుతుంది.

ఘాట్‌లో లాగడం లేదన్నారు కదా, ఆ బాధకు కారణం చాలావరకు మీ చీటీలోనే ఉంది. క్లచ్ ప్లేట్లు అరిగితే ఎక్కుడులో ఇంజను అరుస్తుంది, బండి కదలదు. నాలుగో గేరులో 50 మీద వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా మొత్తం తిప్పండి. టాకోమీటర్ ముల్లు పైకి దూకి, స్పీడు మాత్రం అక్కడే ఉంటే క్లచ్ జారుతున్నట్టే. ప్లేట్లు విప్పేముందు లివర్ దగ్గర ప్లే చూడమనండి. కేబుల్ మరీ బిగుతుగా ఉన్నా ఇలాగే జారుతుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి చూడాలి.

చీటీలో మిగతావాటినీ మీ కళ్ళతో చూసుకోండి. మెయిన్ స్టాండ్ వేసి, వెనక ఒకరిని నొక్కి పట్టుకోమంటే ముందు చక్రం లేస్తుంది. హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ పోయింది. వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ను వేళ్ళతో వెనక్కి లాగండి. సగం పన్ను బయటపడితే సెట్ మొత్తం మార్చాలి, ఒక్క చైన్ మాత్రం మారిస్తే పాత పళ్ళు కొత్త చైన్‌ను తొందరగా తినేస్తాయి. టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీలో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆరేళ్ళు దాటితే గాడులు బాగున్నా మార్చండి. మన ఎండలకు రబ్బరు గట్టిపడి, నవంబరు వానల్లో జారుతుంది. బ్యాటరీ మాత్రం తొందరపడక్కర్లేదు. వోల్టేజీ పరీక్ష చేయించి, నిజంగా నిలవకపోతేనే కొనండి.

ఆ చీటీలో బ్రేక్ ఫ్లూయిడ్ లేదు. రాయించండి. రెండేళ్ళకోసారి మార్చాల్సింది అది. పాతబడిన ఫ్లూయిడ్ తేమ పీల్చుకుంటుంది, మొగిలి ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కితే మరిగి లివర్ మెత్తబడుతుంది. ఖర్చు కొన్ని వందలే, కాబట్టి వెనకాడొద్దు. అలాగే పెట్రోలు పైపులు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2018 బండి రబ్బరు భాగాలు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పగుళ్ళు, చెమ్మ కనిపిస్తే మార్పించండి. బండిని వారాల తరబడి ఆపాల్సి వస్తే ట్యాంకు నింపి పెట్టండి. సగం ఖాళీగా ఉంటే లోపల తుప్పు పడుతుంది.

నా సలహా మారే సందర్భాలు రెండు. ఒకటి, ఇంజను ఆయిల్ తాగుతుంటే. రిపేరు అయ్యాక వెయ్యి కిలోమీటర్లకోసారి ఆయిల్ లెవెల్ చూసి రాసుకోండి. ప్రతి వెయ్యికీ అర లీటరు పోయాల్సి వస్తుంటే రింగులో, వాల్వ్ సీళ్ళో పోయినట్టు. ఇంజను విప్పి 40 వేలు పెట్టేకన్నా ఉన్నదున్నట్టు చెప్పి అమ్మేయడం నయం. ఇది ఇప్పుడే తెలిసినట్టయితే ఆ 29 వేలూ పెట్టకండి. రెండు, హ్యాండిల్ కూర్చునే హెడ్ పైప్ దగ్గర ఫ్రేమ్ వెల్డింగులో పగులు. ట్యాంకు తీయించి చూడమనండి. మీ బండికి ఏబీఎస్ ఉంది కాబట్టి ఇంత ధైర్యంగా ఉంచుకోమంటున్నాను. లేనిదైతే కుటుంబంతో తిరిగేవాళ్ళకు ఇలా చెప్పేవాణ్ణి కాను.

స్పేర్ పార్టుల భయం వద్దు. మీ ఇంజనే అదే కంపెనీ స్క్రామ్ 411 బండిలోనూ వచ్చింది, ఆ బండ్లు రోడ్ల మీద చాలా ఉన్నాయి. మీ ఆర్‌సీ 2033 దాకా చెల్లుతుంది.

డబ్బు ఇలా నడపండి. రిపేరు ఎఫ్‌డీలోంచి. నెలకు 14 వేలూ నేరుగా గోల్డ్ లోన్‌కు కట్టండి. బ్రాంచికి వెళ్ళి అసలులో జమ చేయమని చెప్పి రసీదు తీసుకోండి. తొమ్మిదో నెలకు అది తీరి, పది వేలకు పైగా మిగులుతుంది. దాన్ని ఎఫ్‌డీకి చేర్చండి. పదో నెల నుంచి 14 వేలకూ రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. ఆరున్నర శాతం వడ్డీకి 15 నెలల్లో 2.19 లక్షల దాకా అవుతుంది. రెండేళ్ళ తర్వాత పాత బండి 65 వేలకే పోయినా చేతిలో 2.84 లక్షలుంటాయి. అప్పు అవసరమైనా లక్షకు అటూ ఇటూగానే ఉంటుంది. ఈ 14 వేలు వరుసగా ఆరు నెలలు పక్కన పెట్టలేకపోతే ఈఎంఐ కూడా కట్టలేకపోయేవారని అర్థం. అది ఇప్పుడే, లోన్ లేకుండా తెలిసిపోవడం మంచిది.

అప్పటికి కొత్తదే కొనక్కర్లేదు. రెండేళ్ళు నడిచిన 450 దొరికితే లైఫ్ టాక్స్ మొదటి ఓనరు కట్టేసి ఉంటాడు, ఐదేళ్ళ థర్డ్ పార్టీలో మూడేళ్ళు మిగిలి ఉంటుంది. వారంటీ ఎంత మిగిలిందో, సర్వీసు రికార్డు ఉందో లేదో చూసుకుని బేరం చేయండి.

వేలూరు ఆయన ధరకూ షోరూమ్ ధరకూ 25 వేలు తేడా. కాబట్టి ఎప్పుడు అమ్మినా బయటే అమ్మండి, కాగితాలు మాత్రం మీరే దగ్గరుండి చూసుకోండి. ఈ బండిని లోన్ మీద కొని ఉంటే, అది ఎప్పుడో తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉండొచ్చు. ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35తో తీయించండి. తమిళనాడు ఆయన కొంటే ఆర్టీవో ఆఫీసు నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ కూడా కావాలి. పేరు మార్పుకు వాడే ఫారం 29, 30 మీద ఖాళీ సంతకాలు పెట్టి ఇచ్చేయొద్దు. ఆర్‌సీ పేరు మారేదాకా ఆ బండి ఏ ప్రమాదం చేసినా నష్టపరిహారం రిజిస్టర్డ్ ఓనరు మీదికే వస్తుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అమ్మగానే మీ ఇన్సూరెన్స్ కంపెనీని నో క్లెయిమ్ బోనస్ లెటర్ అడగండి. వరుసగా ఐదేళ్ళు క్లెయిమ్ లేకపోతే 50 శాతం వస్తుంది. మూడేళ్ళ లోపు ఏ టూవీలర్ కొన్నా దాని ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగే నష్టానికి కట్టే) ప్రీమియంలో ఆ మేరకు తగ్గుతుంది. ఈ బోనస్ బండిది కాదు, మీది. షోరూమ్ వాళ్ళు అడగరు, మీరే చూపించాలి.