విదేశీ ఎమర్జెన్సీ టీం వచ్చి ట్రైనింగ్ ఇస్తే మా క్యాజువాలిటీకి నిజంగా పనికొస్తుందా?

మీ హాస్పిటల్‌కి వచ్చే నెల విదేశీ టీం వస్తోందని, వాళ్ళు ఫొటోలు దిగి వెళ్ళిపోతారేమోనని, వాళ్ళ దగ్గర ఏం అడిగి నేర్చుకోవాలని రాశారు. నేను గుంటూరులో పదకొండేళ్ళుగా క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుని. మా దగ్గరికి అలాంటి బృందాలు రెండుసార్లు వచ్చాయి. మొదటిసారి ఏమీ మిగల్లేదు. రెండోసారి మా పని తీరే మారింది.

మొదటిసారి రెండు రోజులు హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించారు, బొమ్మ మీద సీపీఆర్ చేయించారు, సర్టిఫికెట్లు ఇచ్చారు. చెప్పినవన్నీ మంచివే. కానీ వాళ్ళు చూపించిన మానిటర్లు మా దగ్గర లేవు. క్లాసుకి వెళ్ళినవాళ్ళలో చాలామంది ఏడాది తిరక్కుండానే వేరే వార్డులకు మారిపోయారు. నైట్ డ్యూటీ వాళ్ళని, స్ట్రెచర్ తోసే బాయ్‌లని అసలు పిలవనే లేదు.

రెండోసారి ముగ్గురే వచ్చారు: ఇద్దరు డాక్టర్లు, ఒక సీనియర్ నర్సు. మూడు రాత్రుల పాటు ఏమీ బోధించలేదు, గోడవార నిలబడి చూశారంతే. రెండో రాత్రి హైవే మీద నుంచి బైక్ యాక్సిడెంట్ కేసు వచ్చింది. 108 ఈఎంటీ, అంటే అంబులెన్స్‌లో పేషెంట్‌ని చూసుకుంటూ తెచ్చే టెక్నీషియన్, స్ట్రెచర్ పక్కన నడుస్తూ వివరాలు చెప్తున్నాడు. నేను బీపీ కఫ్ చుడుతున్నాను. పీజీ డాక్టర్ కళ్ళలో టార్చ్ వేసి చూస్తున్నారు. ఇంకో సిస్టర్ నరం కోసం వెతుకుతోంది. పేషెంట్ అన్నయ్య ఏడుస్తూ నా భుజం పట్టుకు లాగుతున్నాడు. ఎడమ తొడకి టోర్నికెట్ (రక్తం ఆపడానికి గట్టిగా బిగించే కట్టు) వేసి నలభై నిమిషాలైందని ఈఎంటీ రెండుసార్లు చెప్పాడట. ఒక్కరి చెవినా పడలేదు. ప్యాంటు కత్తిరించాక గానీ మాకు ఆ కట్టు కనబడలేదు. కాలికి ఏమీ కాలేదు కానీ, ఆ రోజు ఇంటికెళ్ళాక నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున ఆ టీంలోని సీనియర్ నర్సు తన నోట్‌బుక్ తెరిచి చూపించింది. తప్పెవరిదో అందులో రాయలేదు. ఈఎంటీ మాట్లాడింది 40 సెకన్లు, ఆ కాసేపట్లోనే అతన్ని మధ్యలో ఆపినవాళ్ళు ఐదుగురు. ఆ రెండు అంకెలే రాసింది.

అప్పటి నుంచి మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఊపిరి ఆగిపోవడం, రక్తం చిమ్మడం లాంటివి ఉంటే వెంటనే చెయ్యి వేస్తాం. లేకపోతే స్ట్రెచర్ చుట్టూ ఉన్నవాళ్ళంతా చేతులు దించి 30 సెకన్లు ఈఎంటీ మాట వింటాం. ఎలా జరిగింది, గాయాలేంటి, నాడి, బీపీ, ఊపిరి ఎలా ఉన్నాయి, దారిలో ఏం చేశారు. మిస్ట్ అనే ఈ వరస సైనిక వైద్యంలో కూడా వాడేదే. మేం తెలుగులో రాసి గోడకి అంటించాం. 108 ఈఎంటీలతో, పైలట్లతో (అంబులెన్స్ డ్రైవర్లతో) కలిసి ప్రాక్టీస్ చేశాం. దీనికి కొత్త మెషీన్ ఒక్కటి కూడా కొనలేదు.

వాళ్ళూ మా దగ్గర నేర్చుకున్నారు. పత్తి, మిర్చి చేలల్లో పురుగుమందు కొడుతూ పడిపోయిన రైతులు పల్నాడు వైపు నుంచి మాకు వస్తూనే ఉంటారు. అంత అనుభవమున్న డాక్టర్లకి ఆ కేసులు కొత్త. మా సీనియర్ సిస్టర్ డ్యూటీ డాక్టర్ చెప్పిన ప్రకారం ఐదేసి నిమిషాలకి విరుగుడు మందు అట్రోపిన్ మోతాదు రెట్టింపు చేస్తూ, ఛాతీలో గురగుర తగ్గిందా, చెమట ఆరిందా అని చూసుకుంటూ మంచం పక్కనుంచి కదల్లేదు. వాళ్ళ డాక్టర్ పక్కన స్టూల్ వేసుకుని తెల్లారేదాకా రాసుకున్నారు. అది చూశాక మా వాళ్ళకి బెరుకు పోయింది, వాళ్ళని ప్రశ్నలు అడగడం మొదలైంది.

మన 108 కూడా ఇలా పెరిగిందే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైతే, 2007లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ డాక్టర్లు, అప్పట్లో 108 నడిపిన ఈఎంఆర్ఐ సంస్థతో కలిసి అక్కడ పారామెడిక్ కోర్సు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకైతే 2010 హైతీ భూకంపం పెద్ద పాఠం. ఎవరికి వాళ్ళు వచ్చి, రికార్డులు లేకుండా ఆపరేషన్లు చేసి వెళ్ళిన బృందాలు అక్కడ చాలా ఉన్నాయి. అందుకే 2013లో ఇలా వచ్చే విదేశీ బృందాలకి కనీస ప్రమాణాలు రాశారు. ఎవరైనా సరే తమ నీళ్ళు, తిండి, కరెంటు తామే తెచ్చుకోవాలి.

నాకు బాగా నచ్చింది మాత్రం, విపత్తు చోట ఏ రకం పేషెంట్లు ఎంతమంది వచ్చారో ఆ బృందాలు రాసే రోజువారీ లెక్క ఫారం కథ. ఫిలిప్పీన్స్‌లో విపత్తుల కోసం స్పీడ్ అని ఒక నమోదు పద్ధతి ఉంది. జపాన్ వాళ్ళు దాన్ని తీసుకుని తమకి తగ్గట్టు మార్చుకున్నారు. అందులోంచే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫారం తయారైంది, 2019లో మొజాంబిక్ తుఫానుకి అదే వాడారు. చూడండి, జపాన్ నేర్చుకుంది ఫిలిప్పీన్స్ దగ్గర.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు మా జట్టు సింగ్‌నగర్ వైపు క్యాంపుకి వెళ్ళింది. అలాంటి ఫారమే ఒక పేజీలో తయారు చేసుకుని, ఒక్కో పేషెంట్‌కి ఒక్కో గీత పెట్టాం. మూడో రోజు సాయంత్రం లెక్కేస్తే గాయాల గీతలకన్నా బీపీ, షుగర్ బిళ్ళలు నీళ్ళలో పోయినవాళ్ళ గీతలే ఎక్కువ. ఒక మామ్మగారు కొంగులో ముడేసుకున్న తడి బిళ్ళల అట్ట విప్పి, "ఇవేనమ్మా, రెండు పూటలా" అని నా చేతిలో పెట్టింది. పేరు చెరిగిపోయింది, రంగు మాత్రమే మిగిలింది. మర్నాడు వ్యాన్‌లో డ్రెస్సింగ్ సామాను తగ్గించి మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్, ఐస్ బాక్సులో ఇన్సులిన్ వేసుకుని వెళ్ళాం. ఆ కాగితం లేకపోతే మళ్ళీ కట్లే మోసుకెళ్ళేవాళ్ళం.

కాబట్టి ఆ విదేశీ టీం మీ దగ్గరికి వచ్చే ముందే వాళ్ళని రెండు విషయాలు అడగండి. క్లాసులు పెట్టేలోపు కొన్ని రాత్రులు మీ క్యాజువాలిటీలో నిలబడి చూస్తారా? ఆరు నెలలకి మళ్ళీ వస్తారా, కనీసం నెలకోసారి వీడియో కాల్‌లో కేసులు మాట్లాడతారా? మా దగ్గరికి రెండోసారి వచ్చిన ఆ ముగ్గురూ ఇప్పటికీ నెల మొదటి శనివారం కాల్‌లోకి వస్తారు. ట్రైనింగ్‌కి పేర్ల లిస్టు ఇంకా వెయ్యకపోతే, నైట్ డ్యూటీ వాళ్ళవి, స్ట్రెచర్ బాయ్‌లవి ముందు రాయించండి. మీ ఏరియా 108 వాళ్ళకి కూడా ఇప్పుడే కబురు పెట్టండి, వాళ్ళ షిఫ్టులు సర్దుకోవడానికి టైం పడుతుంది.