జైలు మందుల గదికి వెళ్తున్న బాబుకి

చిరంజీవి బాబుకి,

పెదనాన్న దీవెనలు. అడవివరం సెంట్రల్ జైలు ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. బయట షాపులో మాత్ర చేతిలో పెడితే మన పని అయిపోతుంది. అక్కడ మాత్రం అది గొంతు దిగేదాకా అవదు. అందుకే ఈ ఉత్తరం.

అన్నిటికన్నా ముందు కొత్తగా వచ్చిన ఖైదీని చూడు. కోర్టు నుంచి సాయంత్రం తీసుకొస్తారు, చీకటి పడేలోగా బ్యారక్‌లో పెట్టి తాళం వేస్తారు. ఆలోపే మూడు ప్రశ్నలు అడిగి రాసుకో: రోజూ ఏ మందులు వేసుకుంటావు, ఆఖరి డోసు ఎప్పుడు పడింది, ఎక్కడ రాశారు. నాలుగో ప్రశ్న తాగుడు గురించి. ఇది గొంతు తగ్గించి అడుగు, తీర్పు చెప్తున్నట్టు ఉండకూడదు. రోజూ తాగేవాడికి తాగుడు ఆగిన 6 గంటల నుంచే చేతులు వణకడం మొదలవ్వచ్చు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పి, లేనివి కనబడి, ప్రాణం మీదికి రావచ్చు. కాపలా వాళ్ళకి అది నాటకంలా కనిపిస్తుంది. ఆ వణుకునీ ఫిట్స్‌నీ ఆపే క్లోర్‌డయాజెపాక్సైడ్, బి1 విటమిన్ అయిన థయామిన్ నీ అలమరలో ఎప్పుడూ ఉండాలి. సెలైన్‌లో గ్లూకోజు ఎక్కించే ముందు థయామిన్ పడిందో లేదో డాక్టరుగారికి గుర్తు చెయ్యి. ఫిట్స్ మాత్రలు రోజూ వేసుకునేవాడికి ఒక్క పూట కూడా గండి పడనివ్వకు. ఇంటివాళ్ళు ములాఖత్‌కి మందులు తెస్తే వెనక్కి తోసెయ్యకు. డాక్టరు చీటీ, మాత్రల షీటు మీది మందు పేరు, ఎక్స్‌పైరీ చూసి మెడికల్ ఆఫీసరుగారి సంతకంతో లోపలికి తీసుకో.

పేరు పిలిచి మందు ఇవ్వకు. మన వైపు ఒక్క బ్యారక్‌లోనే నలుగురు అప్పలరాజులు, ముగ్గురు నూకరాజులు ఉంటారు. ఖైదీ నంబరు, తండ్రి పేరు, మొహం, ఈ మూడూ కలిశాకే కవరు తియ్యి.

ఇక మింగించడం. క్లోనజెపామ్, ట్రామడాల్, ప్రీగాబలిన్, ట్రైహెక్సీఫెనిడిల్ లాంటి మత్తునిచ్చే మాత్రలు లోపల డబ్బులాగా చేతులు మారతాయి. అసలు రోగి దగ్గర బలవంతంగా లాక్కునేవాళ్ళూ ఉంటారు, కాబట్టి ఇది అతన్ని కాపాడే పని కూడా. షీటు నువ్వే చింపి మాత్రను చిన్న కప్పులో వెయ్యి. గ్లాసు నిండా నీళ్ళు తాగనివ్వు. తర్వాత నోరు తెరవమను, నాలుక పైకెత్తమను, రెండు బుగ్గలూ పక్కకి లాగి చూపించమను, ఖాళీ కప్పు వెనక్కి తీసుకో. ఆపైన రాత్రి నిద్ర పట్టిందా అని ఒక మాట అడుగు. చిగుళ్ళ పక్కన దాచుకున్నవాడి మాట ముద్దగా వస్తుంది. దాచడం ఆపాలని అన్నీ పొడి చేసి ఇచ్చేస్తుంటారు, అది పొరపాటు. ఎస్ఆర్, ఈఆర్ అని ఉన్న మాత్రని నలిపితే రోజంతా విడుదలవ్వాల్సిన మందు ఒక్కసారే పడుతుంది. ఫిట్స్‌కిచ్చే వాల్‌ప్రోయేట్, కడుపు మంటకిచ్చే పాంటాప్రజోల్ కూడా నలపకూడదు. మాత్ర దాచాడని మానసిక రోగికి మందు ఆపెయ్యడం ఇంకా పెద్ద తప్పు. దొరికిన విషయం డాక్టరుగారికి చెప్పు, డోసు మార్చాలా వద్దా ఆయన చూస్తారు.

ఇన్సులిన్ దగ్గర రెండు చోట్ల దెబ్బ తింటారు. ఒకటి సిరంజీ. మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే వయల్‌కి (మందు సీసాకి) ఎర్ర మూత సిరంజీ, 100 యూనిట్లుండే దానికి నారింజ మూతది. 100 వయల్‌లోంచి ఎర్ర మూత సిరంజీతో 20 గీత దాకా లాగితే లోపలికి పోయేది 50 యూనిట్లు. అదే 40 వయల్‌లోంచి నారింజ మూత సిరంజీతో లాగితే 20కి బదులు 8 యూనిట్లే పడతాయి. రెండోది కూడు వేళ. లాకప్పుకి ముందే రాత్రి భోజనం పంచేస్తారు, చాలామంది దాన్ని పక్కన పెట్టుకుని తర్వాత తింటారు. 30/70 అనే మిశ్రమ ఇన్సులిన్ సూది వేసిన అరగంటకి తినకపోతే తాళం వేసిన గదిలో షుగరు పడిపోతుంది, పిలిచినా తలుపు తెరుచుకునేసరికి ఆలస్యం అవుతుంది. సూది వేశాక పళ్ళెం ముందు కూర్చోబెట్టి, తిన్నాకే పంపించు. తెరవని వయల్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు. తెరిచినదాని మీద తేదీ రాసి 28 రోజులకి పారెయ్యి.

రాత్రికి ఖైదీ చేతిలో ఉండాల్సినవీ ఉన్నాయి: ఆస్తమా ఇన్హేలరు, గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే ఐసోసార్బైడ్ డైనైట్రేట్. లోహపు డబ్బా అని వార్డరు ఇన్హేలరు లాక్కుంటాడు. మెడికల్ ఆఫీసరుగారు రాసి సూపరింటెండెంటుగారు సంతకం పెట్టిన చీటీ ఒకటి ఖైదీ దగ్గర, ఒకటి గేటు దగ్గర ఉంచు.

టీబీ మాత్రలు బరువు చూసి ఇవ్వాలి: పెద్దవాళ్ళలో 35 నుంచి 49 కిలోలకి నాలుగు మందులు కలిసిన మాత్రలు రోజుకి 3, 50 నుంచి 64 కిలోలకి 4. బరువు పెరిగితే మాత్రల లెక్క మారవచ్చు, నెలనెలా తూకం వెయ్యి. మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పకపోతే రక్తం అనుకుని మానేస్తారు. హెచ్ఐవీ కూడా ఉంటే టీబీ మాత్రలోని రిఫాంపిసిన్ వల్ల హెచ్ఐవీ మందు డోలుటెగ్రావిర్ పని తగ్గుతుంది. 12 గంటల తర్వాత ఇంకో 50 మిల్లీగ్రాములు కావాలి. ఆ రెండో మాత్ర వేళ లాకప్పు తర్వాత పడుతుంది కాబట్టి ఎవరు ఇస్తారో ముందే డాక్టరుగారితో రాయించు. ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందులు) అన్న మాట కిటికీ దగ్గర నోట రానివ్వకు. 30 మాత్రల సీసా గలగల బ్యారక్ అంతా గుర్తుపడుతుంది, మామూలు కాగితం కవర్లో మార్చి ఇవ్వు. 2017 హెచ్ఐవీ చట్టం గోప్యతను హక్కుగా ఇచ్చింది.

గంజాయి కేసుల్లో పాడేరు, అరకు వైపు నుంచి వచ్చే గిరిజన పిల్లల్లో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉన్నవాళ్ళు ఉంటారు. కీళ్ళు నొప్పులని ఏడిస్తే మత్తు బిళ్ళ కోసం అనుకోకు. ఆ జబ్బుకిచ్చే హైడ్రాక్సీయూరియా ఇదివరకు వాడాడా అని అడుగు. తెలుగు రాకపోతే ఒడియానో, అక్కడి గిరిజనుల భాష కువినో వచ్చిన తోటి ఖైదీని మాట్లాడించు, కానీ జబ్బు పేరు అతని ముందు ఎత్తకు.

విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్ళాల్సినవాళ్ళ జాబితా వారం ముందే జైలరుగారికి ఇవ్వు. వెంట వెళ్ళే పోలీసు ఎస్కార్టు దొరక్కే చాలా ఓపీ తేదీలు పోతాయి. కోర్టు వాయిదాకి వెళ్ళేవాడి మధ్యాహ్నం డోసు ఎస్కార్టు చేతిలో పెట్టి రాయించుకో.

బెయిలు కాగితం సాయంత్రం వస్తుంది, నీ గది అప్పటికి మూసి ఉంటుంది. టీబీ, హెచ్ఐవీ, ఫిట్స్, మానసిక మందులు వాడేవాళ్ళందరికీ 7 రోజుల మందులు, చీటీ, బయట వెళ్ళాల్సిన సెంటరు పేరు ఒక కవర్లో పెట్టి రిలీజు రాసే బల్ల సొరుగులో ఉంచు. నెలకోసారి ఆ కవర్లన్నీ తీసి, డోసు మారినవి మార్చి పెట్టు.

ఇట్లు,
పెదనాన్న