పంపు కొనే ముందు ప్రెషర్ కొలిపించండి

ప్రశ్న: నా కారులో పాత ఇంజిన్ తీసేసి, అంతకంటే బరువైన వాహనం నుంచి విప్పిన పెద్ద ఇంజిన్ పెట్టించాను. పాత పవర్ స్టీరింగ్ పంపు దీనికి బిగించే చోటు లేక, ఇంజిన్‌తో వచ్చిన పంపునే వాడుతున్నాను. స్టీరింగ్ మరీ తేలికైపోయింది. వేగంగా వెళ్తున్నప్పుడు చెయ్యి కాస్త కదిలినా బండి పక్కకు లాగుతోంది. ర్యాక్ (పంపు తోసే ఆయిల్ బలంతో చక్రాలను తిప్పే భాగం) దగ్గర ఆయిల్ చెమ్మ కూడా ఉంది. పంపు, ర్యాక్ రెండూ కొత్తవి వేయాలని మెకానిక్ అంటున్నారు. ఇంజిన్ కోసం చేసిన అప్పే ఇంకా తీరలేదు. అత్యవసర నిధి తీయనా, క్రెడిట్ కార్డు మీద కొననా?

జవాబు: ఇప్పటికి రెండూ వద్దు. మీరు చెప్పిన లక్షణాలు పాడైపోయిన పంపువి కావు. పంపు బలహీనపడితే స్టీరింగ్ బరువెక్కుతుంది. మీకు జరుగుతున్నది దానికి తిరగబడ్డ వ్యవహారం: ర్యాక్‌కు కావలసినదానికంటే పంపు ఎక్కువ ఆయిల్ తోస్తోంది. అదే నంబరు పంపు కొత్తది తెచ్చినా అంతే తోస్తుంది. ర్యాక్ కొత్తది వేసినా దాని మీద అదే భారం పడుతుంది. అంటే రెండు పెద్ద వస్తువులు అప్పు మీద కొని, అదే సమస్యతో మళ్లీ వర్క్‌షాప్‌కు వెళ్లే అవకాశం ఎక్కువ.

పంపుకు రెండు లెక్కలుంటాయి. మొదటిది ఒత్తిడి. పంపులోని రిలీఫ్ వాల్వు (ఒత్తిడి మితిమీరకుండా ఆయిల్‌ను వదిలేసేది) ఏ ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుందో అదే దాని గరిష్ఠం. చక్రాలు పూర్తిగా ఒక పక్కకు తిప్పినప్పుడో, ఆగి ఉన్న బండిని గట్టిగా తిప్పినప్పుడో మాత్రమే ఆ గరిష్ఠం దాకా వెళ్తుంది. రెండోది ప్రవాహం, నిమిషానికి ఎన్ని లీటర్లు అని. నడుపుతున్నప్పుడు చేతికి తెలిసే తేలికదనం ఎక్కువగా ఈ ప్రవాహం వల్లే వస్తుంది. పాతతరం చిన్న కార్ల ర్యాక్‌లలో చాలా వాటికి 70 బార్ (ఒత్తిడిని కొలిచే యూనిట్) అటూ ఇటూ ఒత్తిడి, నిమిషానికి 7–8 లీటర్లు సరిపోతాయి. బరువైన బండ్లలో ర్యాక్‌కు బదులు ఉండే స్టీరింగ్ బాక్సుకు 85 నుంచి 100 బార్, 10 లీటర్ల దాకా కావాలి. మీ ర్యాక్‌కు కచ్చితంగా ఎంతో దాని సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ముందు ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసుకోండి.

మీ మొదటి ఖర్చు కొలత మీదే పెట్టండి. పంపుకూ ప్రెషర్ హోసుకూ మధ్య గేజ్, దాని తర్వాత మూసే వాల్వు బిగించి, ఆయిల్ వేడెక్కాక చూడాలి. చక్రాలు తిన్నగా ఉండి ఇంజిన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉన్నప్పుడు గేజ్ 10 బార్ దాటితే, ఆయిల్ రిజర్వాయరుకు తిరిగొచ్చే పైపు ఎక్కడో నలిగిందనో మూసుకుపోయిందనో అనుమానించాలి. తర్వాత వాల్వు మూసి గరిష్ఠ ఒత్తిడి చదవాలి, 5 సెకన్లకు మించి మూసి ఉంచకూడదు. ఎక్కువసేపు ఉంచితే మంచి పంపు కూడా కాలిపోతుంది. ప్రవాహం తెలియాలంటే ఫ్లో మీటరు ఉన్న హైడ్రాలిక్ వర్క్‌షాప్‌కు వెళ్లాలి. ఈ మొత్తం పని ఖరీదు పంపు ధరలో చిన్న వాటాకు మించదు. మీ నెల జీతంలోంచే పెట్టుకోవచ్చు.

చెమ్మ సంగతి కూడా కొనే ముందే తేల్చుకోండి. ర్యాక్‌ను శుభ్రంగా తుడిచి, కాస్త దూరం నడిపి చూడండి. పైపు బిగించే చోట తడి కనిపిస్తే మారాల్సింది ఓరింగు (చిన్న రబ్బరు రింగు) మాత్రమే. చివరల ఉండే రబ్బరు బూట్లను నొక్కితే లోపల ఆయిల్ ఉన్నట్టు తెలిస్తే సీళ్లు పోయినట్టు. అప్పుడు కూడా షాఫ్టు మీద గీతలూ తుప్పూ లేకపోతే సీల్ కిట్‌తో సరిపోతుంది, ర్యాక్ మొత్తం మార్చనక్కర్లేదు.

కొలత ఎక్కువ అని తేలితే, చాలా పంపుల్లో సరిచేసే దారి పంపులోనే ఉంది. ఆయిల్ బయటికొచ్చే ఫిట్టింగ్‌లోని రంధ్రం ప్రవాహాన్ని నిర్ణయిస్తుంది. చిన్న రంధ్రం ఉన్న ఫిట్టింగ్ వేస్తే ప్రవాహం తగ్గుతుంది. రిలీఫ్ వాల్వు దగ్గర పలుచని వాషర్లతో ఒత్తిడి మారుతుంది. ఒక్కొక్కటే మార్చి, ప్రతిసారీ గేజ్ చూడాలి. అంతేగాని హోసు మధ్యలో అడ్డు పెట్టే పద్ధతికి ఒప్పుకోకండి. పంపుకు ఆ అడ్డు సంగతి తెలియదు. దానికి ఎదురుగా తోస్తూనే ఉంటుంది, ఆయిల్ మరిగిపోతుంది. పంపును తిప్పే బెల్టు చక్రం, అంటే పుల్లీ, పెద్దది వేస్తే తేలికదనం పోతుందన్నా నమ్మకండి. క్రాంక్ పుల్లీ (ఇంజిన్ వైపు ఉండి బెల్టును తిప్పేది) 150 మి.మీ., పంపు పుల్లీ 120 మి.మీ. అనుకుంటే, ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరిగినప్పుడు పంపు 1000, ఇంజిన్ 6000 తిరిగినప్పుడు పంపు 7500 తిరుగుతుంది. పంపు పుల్లీ కూడా 150 చేస్తే అవి 800, 6000 అవుతాయి. కానీ ఐడిల్ దాటాక ప్రవాహాన్ని లోపలి వాల్వే అదుపులో పెడుతుంది కాబట్టి, రోడ్డు మీద తేడా ఉండదు. పార్కింగ్‌లో మాత్రం సాయం తగ్గుతుంది. డబ్బు పోయి కొత్త ఇబ్బంది వస్తుంది.

పాత పంపునే కొత్త ఇంజిన్‌కు బ్రాకెట్ చేయించి పెట్టే దారి పైకి చౌకగా కనిపిస్తుంది. అందులో కనిపించని ఖర్చులు ఎక్కువ. పుల్లీల వరుస 1.5 మి.మీ. కంటే తప్పితే బెల్టు అరుస్తుంది, అంచులు చిరుగుతాయి. బెల్టు గాడుల సంఖ్య కలవాలి. బెల్టు వీపు పంపు పుల్లీకి తగిలేలా దారి మారితే పంపు వెనక్కి తిరుగుతుంది, లోపల రెక్కలుండే ఈ రకం (వేన్) పంపు అలా పనిచేయదు. అదిమి బిగించిన పుల్లీని సుత్తితో కొడితే షాఫ్టు, బేరింగు రెండూ పోతాయి, దానికి పుల్లర్ (పుల్లీని లాగి తీసే పనిముట్టు) కావాలి. ఎలక్ట్రిక్ పంపు గురించి ఎవరైనా చెబితే, అది గట్టిగా తిప్పేటప్పుడు 60–80 ఆంపియర్లు లాగగలదని గుర్తుంచుకోండి. ఆల్టర్నేటరు, మందమైన వైరు, ఫ్యూజు కూడా అదే బిల్లులో కలుస్తాయి.

ఒక్క చోట మాత్రం పొదుపు వద్దు: ప్రెషర్ హోసు. హైడ్రాలిక్ ప్రెస్‌తో చివరలు నొక్కించిన హోసే వేయించండి. పెట్రోలు పైపు వేసి క్లిప్పు బిగిస్తే అది ఊడుతుంది, ఆయిల్ వేడి సైలెన్సర్ పైపు మీద పడితే మంట అంటుకోవచ్చు. ఫిట్టింగ్ మర కూడా కొలిపించండి. 16 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. పిచ్ ఉన్న మర, అంగుళాల లెక్కలో 5/8–18 మర చూపుకు ఒక్కలాగే ఉంటాయి. ఒకటి రెండు చుట్లు ఎక్కుతాయి కూడా. బలవంతంగా బిగిస్తే పంపు మర చెడిపోతుంది.

ఇక డబ్బు. ఈ పని కోసం పక్కన పెట్టే సొమ్మును 100 భాగాలనుకుంటే, 10 కొలతకు, 35 పంపు సవరణకో సీల్ కిట్‌కో, 25 హోసుకు, 10 ఆయిల్, బెల్టు, లైన్ల శుభ్రతకు కేటాయించండి. మిగతా 20 ముట్టుకోకండి, విప్పాక బయటపడేవాటికి అవి కావాలి. పంపు మార్చక తప్పదని గేజ్ చెబితే, రీకండిషన్ చేసినది అడగండి. పాత పంపు తిరిగిస్తే వెనక్కి వచ్చే డిపాజిట్ ఎంతో, ఎన్ని రోజుల్లో ఇవ్వాలో బిల్లు మీద రాయించుకోండి. వాడని పాత పంపు మీ దగ్గరుంది కదా, దాన్ని అమ్మితే హోసు ఖర్చులో కొంత వస్తుంది.

అత్యవసర నిధిని తాకాల్సిన సందర్భం ఒక్కటే: బండి లేకపోతే మీ సంపాదన ఆగిపోతుంది, పైగా సీళ్లు పోయాయని పరీక్షలో తేలింది. అప్పుడు కూడా క్రెడిట్ కార్డు కంటే నిధే నయం, తర్వాత నెలనెలా తిరిగి నింపుకోవాలి. ఇంజిన్ అప్పు కిస్తీ మాత్రం ఏ నెలా ఆపకండి.

పని అయ్యేదాకా వేగంగా నడపకండి. రోజూ రిజర్వాయరులో మట్టం చూడండి. అది తగ్గుతుంటే బండి ఆపేయండి, ఆయిల్ లేకుండా తిరిగితే బాగున్న పంపు కూడా పోతుంది. ఇంజిన్ మార్చిన సంగతి బీమా సంస్థకు ఇంకా చెప్పకపోతే ఈ వారమే రాతపూర్వకంగా తెలియజేయండి. చెప్పని మార్పు కారణంగా క్లెయిము తిరస్కరిస్తే, ఈ పంపు ఖర్చు దాని ముందు లెక్కలోకే రాదు.