ఎరువు పొట్లం వెనకవైపు చదివాకే తొట్టెలో వెయ్యి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అక్వేరియం మొక్కల కోసమని అమ్మే చిన్న సీసా కొనేబదులు తోటకు వాడే ఎరువు వేస్తే ఏమవుతుందని అడిగావు. వెయ్యొచ్చు. నేను చాలా కాలంగా వేస్తున్నది అదే. ఆ సీసాలో ఉండేది చాలావరకు నీళ్లు, వాటిలో కరిగిన కొన్ని లవణాలు. పొటాషియం నైట్రేట్ సీసాలోంచి వచ్చినా సంచిలోంచి వచ్చినా నీళ్లలో పడ్డాక అదే పొటాషియం, అదే నైట్రేట్. ఆ తేడా మొక్కకు తెలియదు.

అయితే తోట ఎరువుల్లో నీ తొట్టెకు పనికొచ్చేవి కొన్నే. మిగతా వాటిలో చేపల్ని రాత్రికి రాత్రే చంపేవి కూడా ఉన్నాయి. కాబట్టి కొనేముందు పొట్లం తిప్పి వెనకవైపు చదువు. ముందువైపు పెద్దగా వేసే మూడు అంకెలు నత్రజని, భాస్వరం, పొటాష్ ఎంతెంత ఉన్నాయో చెబుతాయి. నీకు కావలసింది ఆ నత్రజని ఏ రూపంలో ఉందన్నది. అది వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది: నైట్రేట్ రూపంలో ఇంత, అమ్మోనియం రూపంలో ఇంత, యూరియా రూపంలో ఇంత అని. తొట్టెలో చేపలుంటే నైట్రేట్ ఒక్కటే తీసుకో. యూరియా, అమ్మోనియం సల్ఫేట్, డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్), మూడు అంకెలూ సమానంగా ఉండే 19-19-19 లాంటి మిశ్రమాలు పూలకుండీలకు ఎంత మంచివైనా తొట్టె దగ్గరికి రానివ్వకు.

ఎందుకో చెబుతాను. నిజానికి నీటి మొక్కలకు అమ్మోనియం ఇష్టమే, చాలా రకాలు నైట్రేట్ కంటే ముందు దాన్నే పీల్చుకుంటాయి. ఇబ్బందల్లా చేపలకే. నీళ్లలో అమ్మోనియం కొంత అమ్మోనియాగా మారుతుంది. ఎంత మారేదీ పీహెచ్ మీద, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె మీద, వేడి మీద ఆధారపడి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే మారేది నూటికి ఒక పాలు కూడా ఉండదు, పీహెచ్ 8 అయితే సుమారు 5 పాళ్లు. ఆ కొంచెమే మొప్పల్ని కాల్చేస్తుంది. అందుకే ఒకే ఎరువు ఒకే మోతాదులో వేసినా ఒకరి తొట్టెలో ఏమీ కాదు, ఇంకొకరి తొట్టెలో చేపలు పైకి తేలి గుటకలు వేస్తాయి. "మా స్నేహితుడు వేశాడు, ఏం కాలేదు" అన్న మాట ఈ విషయంలో దేనికీ రుజువు కాదు.

యూరియాతో ఇంకో మోసం ఉంది. వేసిన వెంటనే అమ్మోనియా టెస్ట్ కిట్‌తో చూస్తే ఏమీ కనిపించదు, ఎందుకంటే అది ఇంకా అమ్మోనియా కాలేదు. బ్యాక్టీరియా దాన్ని విడగొట్టాకే బయటపడుతుంది. కాబట్టి కిట్ చూసి ధైర్యం తెచ్చుకోకు, లేబుల్ చదువు.

ఇంక కొనాల్సినవి. డ్రిప్పు నీళ్లలో కలిపి పారించడానికి అమ్మే, నీళ్లలో పూర్తిగా కరిగే రకాలు అడుగు. 13-0-45 అంటే పొటాషియం నైట్రేట్. 0-52-34 అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్. 0-0-50 అంటే పొటాషియం సల్ఫేట్. నీ నీళ్లు మరీ మెత్తనివైతే, అంటే ఖనిజాలు తక్కువున్నవైతే, మెగ్నీషియం కోసం ఎప్సమ్ సాల్ట్. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానిలోనూ అమ్మోనియం ఉండదు. కొన్నది తెచ్చాక చిటికెడు గ్లాసుడు నీళ్లలో వేసి చూడు. తేటగా కరగాలి. అడుగున మడ్డి మిగిలినా, నూనెలా పైకి తేలినా, రంగు దిగినా అది కుండీలకే వాడు. పురుగుమందో కలుపుమందో కలిపిన ఎరువులు, హ్యూమిక్, సముద్రపు నాచు రసం చేర్చామని గొప్పగా చెప్పేవి కూడా వద్దు. పశువుల ఎరువు, కోళ్ల ఎరువు, వేపపిండి సంగతి అడగనే అడక్కు. అవి కుళ్లుతూ నీళ్లలోని ప్రాణవాయువును లాగేసుకుంటాయి, పైగా వేపపిండి చేపలకు విషం.

కొనడానికి పరిగెత్తేముందు అసలు నీ తొట్టెకు ఏది తక్కువైందో చూసుకో. చేపలకు వేసే మేతలోనే నత్రజని, భాస్వరం ఉంటాయి. వాటి మలం కుళ్లి అమ్మోనియా అవుతుంది, ఫిల్టర్లోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. చేపలు కిక్కిరిసి, మొక్కలు నాలుగే ఉంటే నైట్రేట్ వెయ్యాల్సిన పనే లేదు, ఉన్నదాన్ని తగ్గించుకోవడమే పని. అలాంటి తొట్టెలో సాధారణంగా కరువయ్యేవి పొటాషియం, ఇనుము. మొక్కలు దట్టంగా, చేపలు పలచగా ఉంటేనే నత్రజని, భాస్వరం, పొటాషియం మూడూ కావాలి. నైట్రేట్ టెస్ట్ కిట్ ఒకటి కొను. 10 నుంచి 20 పీపీఎమ్ (లీటరు నీళ్లకు అన్ని మిల్లీగ్రాములు) మధ్య ఉంటే దాని జోలికి పోకు.

ఆకుల్ని చూడ్డం కూడా నేర్చుకోవాలి, ఇందులో కిట్ కంటే కన్నే మేలు. నత్రజని తక్కువైతే అడుగున ఉన్న ముసలి ఆకులు ముందు పసుపు పడతాయి, ఎందుకంటే మొక్క వాటిలోంచి తీసి కొత్త చిగురుకు పంపుతుంది. పొటాషియం తక్కువైతే ముసలి ఆకుల్లోనే సూదితో పొడిచినట్టు చిల్లులు పడి, చుట్టూ పసుపు అంచు వచ్చి పెద్దవవుతాయి. ఇనుముది దీనికి తలకిందులు. అది ఒకచోట కుదురుకుంటే కదలదు, కాబట్టి పాత ఆకులు బాగానే ఉండి కొత్త చిగురే పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తాయి. ఈ తేడా తెలియక ఇనుము కరువైన మొక్కకు నైట్రేట్ కుమ్మరిస్తే ఏం లాభం? ఏది అన్నింటికంటే కొరతగా ఉందో అదే ఎదుగుదలను ఆపుతుంది, మిగతావి ఎంత పోసినా కదలదు. 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ పొలాల గురించి ప్రచారం చేసిన సూత్రమే ఇది, గాజు తొట్టెకీ వర్తిస్తుంది. నీ అనూబియాస్, జావా ఫెర్న్ లాంటివి మామూలు వెలుతురులో మెల్లగా పెరిగేవి, వాటి ఆకలి చాలా తక్కువ. వెలుతురు పెంచి, కార్బన్ డయాక్సైడ్ కూడా ఇస్తేనే మొక్కలు ఆబగా తింటాయి.

ఈ పొడుల వాడకం కొత్తగా పుట్టిందేం కాదు. 1990లలో పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ అనే ఇద్దరు ఇలాంటి లవణాలతోనే చవకైన మిశ్రమం తయారుచేసి దానికి పేదవాడి చుక్కలు అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. నాచు వస్తుందన్న భయంతో అందులో కావాలనే ఫాస్ఫేట్ వదిలేశారు. తర్వాత టామ్ బార్ అనే అక్వేరియం మొక్కల నిపుణుడు ఆ భయం అక్కర్లేదన్నాడు: అన్నీ ధారాళంగా వేసి, వారానికోసారి సగం నీళ్లు మార్చేస్తే ఏదీ పేరుకోదు, నాచుకూ ఫాస్ఫేట్‌కూ ముడిపెట్టక్కర్లేదని. నాకు రెండో దారే నచ్చింది, మోతాదు మాత్రం ఆయన చెప్పినంత వెయ్యను. నీది తక్కువ వెలుతురు తొట్టె, అందులో అంత అవసరం లేదు.

నీ తొట్టె లెక్క చూద్దాం. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 35 ఎత్తు అన్నావు. గుణిస్తే 63 లీటర్లు. అడుగున కంకర, రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే అసలు నీళ్లు 50 లీటర్లే అనుకో. మోతాదు ఎప్పుడూ ఈ రెండో అంకె మీదే కట్టాలి.

పొడిని చెంచాలతో కొలవకు. నగల తూకానికి వాడేలాంటి చిన్న డిజిటల్ త్రాసు ఒకటి సంపాదించు, మొత్తం వ్యవహారంలో ఖర్చు పెట్టదగ్గ వస్తువు అదొక్కటే. అర లీటరు శుభ్రమైన నీళ్లలో 30 గ్రాముల పొటాషియం నైట్రేట్ కరిగించు. కరుగుతుంటే సీసా చల్లబడుతుంది, కంగారుపడకు, దాని తత్వమే అంత. అందులోంచి 5 మిల్లీలీటర్లు నీ 50 లీటర్లలో పోస్తే నైట్రేట్ సుమారు 3.7 పీపీఎమ్, పొటాషియం 2.3 పీపీఎమ్ పెరుగుతాయి. వేరే సీసాలో అర లీటరుకు 3 గ్రాముల మోనో పొటాషియం ఫాస్ఫేట్ కలుపు. దాని 5 మిల్లీలీటర్లు ఫాస్ఫేట్‌ను 0.4 పీపీఎమ్ పెంచుతాయి. వారానికోసారి, నీళ్లు మార్చిన తర్వాత, ఇందులో సగం మోతాదుతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాలు ఆకుల్ని గమనించు. నైట్రేట్ అక్కర్లేని తొట్టె అని తేలితే మొదటి సీసా బదులు పొటాషియం సల్ఫేట్ సీసా చేసుకో. అర లీటరుకు 15 గ్రాములు చాలు, 5 మిల్లీలీటర్లకు 1.3 పీపీఎమ్ పొటాషియం వస్తుంది.

ఇంకెవరైనా చెప్పిన లెక్క పట్టుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. పొట్లం మీద 45 అని ఉన్నది పొటాషియం ఆక్సైడ్ లెక్కలో రాసింది, అసలు పొటాషియం అందులో 37 పాళ్లే. భాస్వరానిదీ అదే తంతు.

సీసాలన్నిటికీ పేరు, పాళ్లు రాసి అంటించు. తాగే నీళ్ల సీసాల్లో పొయ్యకు, పిల్లలకు అందనివ్వకు. పొటాషియం నైట్రేట్ మంటను రాజేసే పదార్థం కాబట్టి పొయ్యికీ అగ్గిపుల్లలకూ దూరంగా, తడి తగలని డబ్బాలో ఉంచు. కొన్నిచోట్ల దాని అమ్మకం మీద ఆంక్షలుంటాయి, అడిగి కొను.

వేర్లతో పోషకాలు పీల్చుకునే క్రిప్టోకొరైన్, వాలిస్నేరియాలకు కంకరలో గుచ్చడానికి, పూత పూసిన నెమ్మదిగా కరిగే గుళికలు వాడతారని నీకెవరో చెప్పారట. వాడతారు, బాగా పనిచేస్తాయి కూడా. కానీ వాటిలో చాలావరకు అమ్మోనియం ఉంటుంది. లోతుగా, వేరు పక్కన, ఒకటి రెండు గుళికలకు మించకుండా గుచ్చాలి. ఆ మొక్కను పీకి వేరేచోట నాటితే గుళికలన్నీ నీళ్లలోకి తేలతాయి. ఊరికే మొక్కల్ని కదిలించే అలవాటు నీకుంది కాబట్టి నువ్వు వాటి జోలికి పోకపోవడమే మంచిది.

ఇక ఇనుము, మిగతా సూక్ష్మపోషకాలు. వీటిని ఫాస్ఫేట్ సీసాలో కలపకు, చిక్కటి ద్రావణంలో రెండూ కలిస్తే ఐరన్ ఫాస్ఫేట్‌గా గడ్డకట్టి అడుగున కూర్చుంటుంది, మొక్కకు దక్కదు. వేరే రోజు వెయ్యి. సూక్ష్మపోషకాల మిశ్రమంలో రాగి ఉంటుంది. చేపలు తట్టుకునే మోతాదుకే రొయ్యలు, నత్తలు దెబ్బతినొచ్చు, కాబట్టి పొట్లం మీద ఉన్న రాగి శాతం చూడకుండా కొనకు. ఇనుము కీలేటెడ్ రకమే కావాలి, అంటే గడ్డకట్టకుండా ఇంకో పదార్థం పట్టి ఉంచే రకం. అందులో ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటాక నిలవదు, డీటీపీఏ 7.5 దాకా ఆగుతుంది, ఈడీడీహెచ్ఏ ఇంకా పైన కూడా ఆగుతుంది గానీ నీళ్లను ఎర్రగా చేస్తుంది. నీ నీటి పీహెచ్ ఎంతో నువ్వు రాయలేదు. ఉదయం దీపం వేసేముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిచి రాయి, ఏ రకం కొనాలో అప్పుడు చెబుతాను.

ఇట్లు,
నీ మామయ్య